ఎర్రదారం కట్టిన పెట్టె

"నువ్వింక మధ్యాహ్నాలు కొట్టుకి రాకపోయినా ఫరవాలేదు. ఇంట్లోనే కాసేపు నడుం వాల్చు," అన్నాడు ఆయన, క్యారేజీ గిన్నెలు విప్పుకుంటూ.

ఇంకో ఇంట్లో ఇంకో ఇల్లాలైతే ఆ మాటకి మురిసిపోయేదేమో. కానీ పదహారేళ్ళ కాపురంలో ఆయన నోట 'నడుం వాల్చు' అన్న మాట రావడం ఇదే మొదలు. కడుపు పోయి ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే "కొట్లో జిప్పులన్నీ కలగాపులగం అయిపోయాయి, ఒక్కసారి వచ్చి సర్ది పో" అన్న మనిషి ఆయన. కాలు బెణికి గుమ్మడికాయలా వాస్తే "కుర్చీలో కూర్చుని చేసే పనేగా, కాలుతో ఏం పని" అన్న మనిషి. అలాంటివాడికి ఉన్నట్టుండి పెళ్ళాం నడుం గుర్తొచ్చిందంటే ఊరికే గుర్తొచ్చి ఉండదు. ఎందుకొచ్చిందా అని ఆమె ఆలోచిస్తూనే, ఆయన తిని వదిలేసిన గిన్నెలు తీసి సర్దింది.

ఊరి నడిమధ్య పెద్ద బజారులో వాళ్ళది గుండీల కొట్టు. గుండీలు, దారాలు, జిప్పులు, లేసులు, కోటు లోపల వేసే అస్తరు గుడ్డలు. బోర్డు మీద మామగారి పేరు. గల్లా దగ్గర కూర్చునేది ఆయన, లోపలి బల్ల దగ్గర నిలబడేది ఆమె. ఎవరైనా బట్ట ముక్క తెచ్చి చూపిస్తే, దానికి అచ్చంగా సరిపోయే దారం రీలు వందల్లోంచి ఒక్కటి లాగి చేతిలో పెట్టడం ఆమె పని. నలుపుల్లోనే ఏడు రకాలుంటాయని, బూడిదరంగు అని జనం అనేదాంట్లో సగం నీలమే ఉంటుందని ఆమెకి ఎవరూ నేర్పలేదు. చూసి చూసి వచ్చింది. తనకి తెలిసిన రంగులన్నీ గుడ్డ పేజీల మీద నాలుగేసి కుట్లుగా కుట్టి ఒక పుస్తకం చేసుకుంది. దాన్ని పూర్తి చేయడానికి ఆరేళ్ళు పట్టింది. ఊళ్ళో సగంమంది టైలర్లు ఆ కొట్టుకి వచ్చేది ఆమె కళ్ళ కోసమే. అయినా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా అడిగితే ఆయన "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, అప్పుడప్పుడూ కాలక్షేపానికి కొట్టుకొస్తుంది" అనేవాడు. ఆ కాలక్షేపం పొద్దున తొమ్మిదికి మొదలై రాత్రి షట్టరు దించేదాకా సాగేది. మధ్యలో ఇంటికి పరిగెత్తి వంట చేసి, అత్తగారికి పెట్టి, ఆయనకి క్యారేజీ పట్టుకురావడం కూడా ఆ కాలక్షేపంలో భాగమే.

బజారు మునుపటి బజారు కాదు. ఊరి బయట పెద్ద రోడ్డు మీద మాల్ కట్టిన ఈ మూడేళ్ళలో చెప్పుల కొట్టు పోయింది, గాజుసామాన్ల కొట్టు పోయింది, ఫొటో స్టూడియో పోయింది. సాయంత్రమైతే భుజాలు రాసుకుంటూ నడవాల్సిన చోట ఇప్పుడు కుక్కలు కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంటున్నాయి. నిరుడు కొట్లవాళ్ళందరూ సంఘంగా చేరి, ఎవరి కొట్టూ కంపెనీలకి ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ రోజు అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆయనే. "ప్రాణం పోయినా మా నాన్న పెట్టిన కొట్టు మూయను" అంటే చప్పట్లు మోగిపోయాయి. నలభై మందికి టీ కాచిపోసి, వెనకాల గ్లాసులు కడుగుతూ ఆ చప్పట్లు ఆమె కూడా విన్నది. కాస్త గర్వం కూడా వేసింది, అబద్ధం ఎందుకు.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. అది పెట్టింది ఆమె. గోడ నిండా గుండీల అట్టపెట్టెలు, ఒక్కోదాని ముఖాన లోపలున్న గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. పెట్టెలో సరుకు డజనుకి దిగిందంటే ఆమె దాని మూత చెవికి ఎర్రదారం ముడేస్తుంది. శనివారం ఆయన ఎర్రదారం ఉన్న పెట్టెలన్నీ చూసుకుని ఫోనులో సరుకు చెబుతాడు. సరుకొచ్చాక, పెట్టె నింపినవాళ్ళే ముడి విప్పాలి. నింపకుండా ఎవరూ విప్పకూడదు. ఈ ఒక్క నియమం వల్లే పదహారేళ్ళలో "లేదండీ, అయిపోయింది" అని ఎవర్నీ తిప్పి పంపలేదు.

నడుం వాల్చమన్న నాలుగో రోజున, దుమ్ము దులుపుతుంటే కొమ్ము గుండీల పెట్టె చేతికి తేలిగ్గా తగిలింది. దానికి రెండు వారాల కిందటే ముడేసినట్టు ఆమెకి బాగా గుర్తు. ఇప్పుడు ముడి లేదు. చెవి దగ్గర ఊపి చూసింది. నాలుగో అయిదో గుండీలు గలగలమన్నాయి. పక్క పెట్టె ఊపింది, అదీ అంతే. ఒకటొకటే ఊపుకుంటూ పోతే పదకొండు పెట్టెలు తేలాయి, ఒక్కదానికీ దారం లేదు.

"వీటికి కట్టిన దారాలేవండీ?"

ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఏ దారాలు? నువ్వు కట్టి ఉండవు."

"కట్టాను."

"కట్టాననుకుని ఉంటావు. ఈ మధ్య నీకు అన్నీ అలాగే ఉంటున్నాయి."

'ఈ మధ్య' అన్న ఆ రెండు ముక్కలు ఆమెని వదలకుండా పట్టుకున్నాయి. ఈ మధ్య ఏమైంది? తను ఏం మర్చిపోయింది? ఇంటికెళ్ళి అత్తగారికి కంచం పెడుతూ నోరుజారి అడిగింది, మీ అబ్బాయి కొట్టు గురించి ఏమైనా అన్నారా అని. అత్తగారు మెతుకు చిదుపుతూ "నీ అంత అనుమానం పక్షిని నేనెక్కడా చూళ్ళేదమ్మా. విశ్రాంతి తీసుకోమంటే కూడా తప్పేనా? మా రోజుల్లో ఆ మాట అనేవాడే లేడు" అంది. అని, ఆమె మొహంలోకి కాకుండా కళ్ళలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసింది. ఆ చూపు ఆమెకి అర్థం కాలేదు.

మర్నాడు మూలమీద కొట్టున్న టైలరు వచ్చింది. పన్నెండేళ్ళుగా వస్తున్న మనిషి, ఆమెని అక్కా అంటుంది. ఆకుపచ్చ గౌను గుడ్డ ముక్క ఇచ్చింది. ఆమె చూసి రీలు తీసిచ్చింది. ఎప్పుడూ రీలు సంచిలో పడేసుకుని కబుర్లలో పడేది, ఆ రోజు గుమ్మం దాకా వెళ్ళి, ఎండలో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

"ఏంటే ఆ పరీక్ష?"

"ఏం లేదక్కా. సరిగ్గానే ఉందా అని."

"ఏనాడైనా తప్పిచ్చానా?"

"అయ్యో, అదేం లేదులే అక్కా. నీ తప్పేముంది ఇందులో," అంది టైలరు జాలిగా, ఆమె చెయ్యి నిమిరి వెళ్ళిపోయింది.

నీ తప్పేముంది ఇందులో. దేంట్లో? ఆ రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. మర్చిపోయిన దారాలు, అత్తగారి చూపు, టైలరు జాలి అన్నీ కలిపి కుట్టుకుంటే ఒకటే తేలుతోంది. తనలోనే ఏదో తేడా వచ్చింది, అది తనకి తప్ప అందరికీ కనిపిస్తోంది. పొద్దున్నే అద్దం ముందు ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి గోడమీద క్యాలెండరు చూసింది. బాగానే కనిపించింది. కానీ రంగు సంగతి? తప్పు రంగు చూసేవాళ్ళకి అది తప్పని ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ మొగుడి మీద అనుమానపడిన మనిషి ఇప్పుడు తన కళ్ళ మీదే అనుమానపడి కూర్చుంది. దానికంటే నరకం లేదు.

ఇక ఉండబట్టలేక గంట ముందే కొట్టుకి వెళ్ళింది. నీలం రీళ్ళు ముప్పై రెండూ బుట్టలో పోసి బాగా కలిపింది. రంగు నంబరు రీలు అడుగున ఉంటుంది, అది కనపడకుండా అన్నిటినీ గుమ్మం ముందు మెట్టు మీద, పొద్దుటి ఎండలో నిలబెట్టింది. లేత నుంచి ముదురు దాకా వరస పేర్చింది. కళ్ళు ఎక్కడా తడబడలేదు. పేర్చాక ఒక్కో రీలూ తిరగేసి నంబరు చూసింది. ఒకటీ రెండూ మూడూ, పది, ఇరవై, అన్నీ వరసలోనే ఉన్నాయి. ఇరవై ఏడో రీలు మాత్రం తప్పింది. ఇరవై మూడు పక్కన ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే అప్పుడు గుర్తొచ్చింది, అది రెండేళ్ళు అద్దాల షోకేసులో పెట్టిన రీలు. పైపొర దారం కొంచెం లాగితే లోపల ఇరవై ఏడు ముదురుగా మెరిసింది. అది ఎండకి వెలిసిన తప్పే, ఆమె కళ్ళ తప్పు కాదు. ఆ మెట్టు మీదే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన ఇదంతా చూస్తున్నాడు. ఎప్పుడూ కంటికి భూతద్దం బిగించుకుని ఉంటాడు కాబట్టి బజారంతా ఆయన్ని భూతద్దం బాబాయి అంటారు. రోడ్డు దాటి వచ్చి మెల్లిగా అడిగాడు.

"ఆపరేషన్ ఎప్పుడమ్మా?"

"ఎవరికి బాబాయీ?"

"నీకే. కళ్ళకి." ఆమె మొహం చూసి కాస్త తడబడ్డాడు. "రంగులు తేడాగా కనిపిస్తున్నాయట కదా. మీ ఆయన సంఘంలో చెప్పాడు. ఆవిడ కళ్ళు పోతుంటే కొట్టెవరు చూస్తారు, మనసు చంపుకుని ఫోన్ల కంపెనీకి అద్దెకిస్తున్నాను, క్షమించండి అన్నాడు. మేమంతా అయ్యో అనుకున్నాం. ఒట్టు సంగతి ఇంక ఎవరూ ఎత్తలేదు."

ఆమెకి పదకొండు ముడులూ ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో అప్పుడు ఒక్కసారిగా తెలిసింది. కొట్టు ఖాళీ చేయాలంటే కొత్త సరుకు రాకుండా పెట్టెలు ఖాళీ కావాలి. పెట్టెలు ఖాళీ అవుతున్నట్టు ఆమెకి తెలియకూడదు.

పది గంటలకి ఆయన వచ్చాడు. వెంట టేపు పట్టుకుని ఇద్దరు కంపెనీవాళ్ళు. షట్టరు వెడల్పు, గోడ ఎత్తు కొలుస్తూ వాళ్ళు ఆమె బల్లని కూడా కొలిచారు, ఇది తీసేయొచ్చుగా అని అడిగారు. ఆయన "తీసేయొచ్చు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆమె పక్కనే ఉందని కూడా చూడకుండా, "మా ఆవిడకి, పాపం, చూపు సరిగా ఆనడం లేదు" అన్నాడు. ఆ 'పాపం' అన్న తీరు ఎంత సహజంగా ఉందంటే, తెలియనివాళ్ళెవరైనా ఆయన్ని దేవుడనుకుంటారు.

వాళ్ళు వెళ్ళాక అడిగింది. "నా కళ్ళకేమైందండీ?"

దొరికిపోయినవాడిలా కంగారుపడతాడనుకుంది. ఆయన విసుక్కున్నాడు, అంతే. "ఏదో ఒకటి చెప్పాలిగా. నలుగురిలో మాటిచ్చినవాణ్ణి, ఊరికే ఎలా ఇస్తాను? నీ కళ్ళంటే ఎవరూ నోరెత్తరు."

"మీ కళ్ళని చెప్పొచ్చుగా."

"భలేదానివే. రేపు ఇంకో వ్యాపారం మొదలుపెట్టాలంటే, చూపు లేనివాణ్ణి ఎవడు నమ్ముతాడు? నీకేం, ఇంట్లో ఉండేదానివి. నీకు కళ్ళుంటే ఏంటి, లేకపోతే ఏంటి."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. చాలా మామూలుగా, లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు. అందుకే ఆమెకి అంత లోతుగా దిగింది. పదహారేళ్ళుగా ఆయనకి తన గురించి ఏమనిపించేదో ఎన్నో రకాలుగా అనుమానపడింది గానీ, ఇంత తక్కువ అని అనుమానపడలేదు. గల్లా పక్క మేకుకి వేలాడుతున్న ఎర్రదారం రీలు తీసి సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరింది. దారిలో గడియారాల కొట్టు ముందు ఆగింది.

"బాబాయీ, మీ బల్లలో ఆ పక్క సగం ఎవరికైనా అద్దెకిస్తారా?"

బాబాయి భూతద్దం తీసి చూశాడు. "ఉన్న సగానికే పనిలేదు, ఆ సగం తీసుకునేదెవరమ్మా?"

"రంగులు చూసి దారాలిచ్చేవాళ్ళు."

బాబాయి ఆ పక్కనున్న పాత గడియారాల పెంకులన్నీ రెండు చేతులతో తన వైపుకి లాక్కున్నాడు. "ఇక్కడ మధ్యాహ్నం నుంచి ఎండ బాగా పడుతుంది, నీకు పనికొస్తుంది," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. గల్లా బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళి తన రంగుల పుస్తకం మాత్రం తీసి చంకన పెట్టుకుంది. గుండీల పెట్టెల వైపు చూడలేదు, వాటి మీద తనకేం హక్కని ఆయన అడగడానికి అవకాశం ఇవ్వదల్చుకోలేదు. ఆయన ఫోను మాట్లాడుతూనే క్యారేజీ దగ్గరికి లాక్కున్నాడు, చేతికి తేలిగ్గా తగిలింది. పిడి దగ్గర చెయ్యి ఆపాడు. పిడికి ఎర్రదారం ముడేసి ఉంది. పైగిన్నెకీ, కిందగిన్నెకీ కూడా ఉంది. దాని అర్థం ఆయనకి చెప్పక్కర్లేదు, ఆ భాషలోనే కదా పదహారేళ్ళు వ్యాపారం చేశాడు.

"ఇదేంటి?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా, ఈ మధ్య అలవాటైన వేళ్ళతో ముడి విప్పబోయాడు.

అప్పటికే గుమ్మం దాటి రోడ్డు మీద కాలు పెట్టిన ఆమె వెనక్కి తిరిగింది.

"విప్పకండి," అంది. "నింపినవాళ్ళే విప్పాలి."