దీపం వెలిగితేనే ఆట

మరమగ్గాల ఊరు భివండీలో శుక్రవారం మగ్గాలకు సెలవు. వారమంతా టకటకల్లో మునిగి ఉండే మా గైబీ నగర్ గల్లీ ఆ ఒక్కరోజు ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆ సంగతి మా గొంతులకు తెలియదు. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం, మాకు మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. అందుకే శుక్రవారం మధ్యాహ్నం కాశన్న ఆటగదిలో మేం నలుగురం కూర్చుని కొత్త వీడియో గేమ్ మిషన్ల గురించి మాట్లాడుకుంటుంటే, గల్లీ చివరి పాన్‌డబ్బా ఆయన కొట్లాట అనుకుని వచ్చి తొంగిచూసేవాడు.

కాశన్న అంటే కాశీనాథ్, మా పెదనాన్న చిన్న కొడుకు. వాళ్ళ మగ్గాల షెడ్డుకు ముందున్న గదిలో టీవీలు పెట్టి, ప్లేస్టేషన్ టూలు తగిలించి, పిల్లలతో ఆడించేవాడు. మిగిలిన ముగ్గురిలో యోగేష్‌కు ధామన్‌కర్ నాకాలో మొబైల్ రిపేరు దుకాణం ఉంది. నిలేష్ మాన్‌కోలిలో ఒక గోదాములో సూపర్‌వైజర్. నాలుగోదాన్ని నేను, కోమల్‌ని. గల్లీలో ఆ గడప తొక్కే ఆడపిల్లను నేనొక్కదాన్నే. అన్న గది కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. ఒకవేళ ఎవరైనా అన్నా నేను ఊరుకునేదాన్ని కాదు.

అది రెండువేల ఏడు, దసరాకు ముందు. కొత్త మిషన్లు మూడు ఒకదాని వెంట ఒకటి బజారులోకి వచ్చాయి. మాకిక పండగే.

"పీఎస్ త్రీ ముంగట ఏదీ నిలువది," అన్నాడు నిలేష్. "ఆటగాని మొహం మీద చెమట బొట్టు గూడ కనపడ్తదట, ఎరికేనా?"

"చెమట సూడనీకి గంత పెద్ద మిషన్ ఎందుకురా? మీ బాపు మగ్గం నడిపేటప్పుడు పోయి ఎదురుంగ నిలబడు," అన్నాను నేను. నిలేష్, నేను ఒకే బడిలో ఒకే క్లాసులో దెబ్బలు తిన్నవాళ్ళం, మా మధ్య మర్యాదలు లేవు.

"గవన్నీ ఛోడ్ యార్," అని యోగేష్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ఎక్స్‌బాక్స్ త్రీ సిక్స్టీ. దాని కంట్రోలర్ చేతిల ఎట్ల కుదురుతదో తెల్సా? అరిగిన పాత చెప్పు కాలుకు కుదిరినట్టు."

"నువ్వు పట్టుకొని సూసినవా?"

"పట్టుకోలే. ఫోటోల సూసిన."

మా ముగ్గురిలో ఏ ఒక్కరమూ ఆ మిషన్లలో ఏ ఒక్కదాన్నీ కళ్ళారా చూసింది లేదు. సైబర్ కేఫ్‌లో చదివిందే చదువు, పాత పత్రికల్లో చూసిందే చూపు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉండేది మా వాదన. అయినా ఎవరి సోమలింగాన్ని వాళ్ళు విడిచిపెట్టలేదు.

నా సోమలింగం వీ అనే మిషన్. దాని బొమ్మలు అంత మెరుపుగా ఉండవని నాకూ తెలుసు. కానీ దాంట్లో బటన్లు నేర్చుకునే పని లేదు. చేతిలో చిన్న కర్రలాంటి రిమోట్ పట్టుకుని టీవీ వైపు చూపిస్తే, మన చెయ్యి ఎటు పోతే తెర మీద చెయ్యి బొమ్మ అటు పోతుంది. ఊపితే బ్యాటు ఊగుతుంది.

"ముసలోళ్ళ ఆట," అన్నాడు నిలేష్.

"అవును, ముసలోళ్ళు ఆడుతరు, ఆడోళ్ళు ఆడుతరు, నీ అసొంటి తెలివిలేనోడు గూడ ఆడుతడు. గందుకే గది నిండుతది," అన్నాను.

గది నిండడమే అప్పుడు అసలు సంగతి. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చాక ఆటగదికి వచ్చే పిల్లలు పలచబడ్డారు. షెడ్డు పెత్తనం కాశన్న అన్నగారిది. ఆయన పేరు కనుకయ్య, నేను పెద్దన్న అంటాను. నవ్వితే పళ్ళు అరుగుతాయని భయపడే మనిషి. ఆయన ఒకరోజు వచ్చి ఖాళీ కుర్చీలను చూసి, "దసరా ముందటి శుక్రారం వస్త. గది నిండుగుంటే నీ ఆట నీది. లేకుంటే ఈ గదిల రెండు మగ్గాలు దింపుత," అని తేల్చి చెప్పి వెళ్ళిపోయాడు.

కాశన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట. నా సంగతీ అంతే. వారంలో ఆరు రోజులు నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో తల వంచుకుని బిల్లులు రాసే పిల్లను. ఆ గదిలో మాత్రమే నా మాటకు ఎవడైనా ఎదురు మాట చెప్పేవాడు, నేను గెలిస్తే గెలిచానని ఒప్పుకునేవాడు. ఆ గది పోతే నాకు శుక్రవారమే ఉండదు.

అందుకే పట్టుబట్టి కాశన్న చేత ఊ అనిపించాను. దసరాకు దుబాయ్ నుంచి ఇంటికి వస్తున్న మా బావకు ఫోన్ చేసి వీ తెమ్మన్నాం. యోగేష్, నిలేష్ ఇద్దరూ ముక్కు చిట్లించారు. "గది మునిగితే పాపం నీదే," అన్నాడు నిలేష్. "మునగకుంటే?" అన్నాను.

పెద్దన్న పెట్టిన గడువుకు సరిగ్గా ఒక్కరోజు ముందు, గురువారం సాయంత్రం మిషన్ వచ్చింది. డబ్బా విప్పి, పైన ఉన్న తెల్లటి మిషన్‌ను, రిమోట్లను, ఆటల డిస్కులను బయటికి తీసి, కాశన్న, నేను వాటిని పసిపిల్లలను చూసినట్టు చూస్తూ కూర్చున్నాం. తెల్లారి పొద్దున్నే నేను గల్లీ అంతా తిరిగి అక్కలను, వదినెలను, పిల్లలను పిలిచాను. మధ్యాహ్నానికి గది నిండింది. కనుకయ్య పెద్దన్న ఇంకా రాలేదు. వచ్చేలోపు ఆట నడిపించేయాలని తొందరపడి కాశన్న స్విచ్ వేశాడు.

టీవీ తెర మీద చిన్న చిన్న డబ్బాలు వరుసగా వచ్చాయి. అందరూ ఓహో అన్నారు. ఆ డబ్బాల్లో ఒకదాన్ని చూపించి నొక్కితే ఆట మొదలవ్వాలి. చూపించడానికి చెయ్యి బొమ్మ రావాలి. నేను రిమోట్‌ను పైకి చూపాను, కిందికి చూపాను, అడ్డంగా ఊపాను. చెయ్యి బొమ్మ రాలేదు.

"ఏకదమ్ ఝకాస్," అన్నాడు నిలేష్, అదిరిపోయిందని మెచ్చుకుంటున్నట్టు వెటకారంగా. వాణ్ణి అక్కడే నమిలి మింగాలనిపించింది.

అప్పుడు నాకు పత్రికలో చూసిన ఫోటో గుర్తొచ్చింది. టీవీ కింద సన్నటి నల్ల పట్టీ ఒకటి ఉండాలి, దాని తీగ మిషన్‌కు తగిలించాలి. "పట్టీ ఏది? కాశన్నా, డబ్బా ఏది?" అన్నాను. డబ్బా లేదు. అడుగున ఇంకో అట్ట అర ఉన్నట్టుంది, మేం అది ఎత్తి చూడనే లేదు.

షెడ్డులో మగ్గాలు బాగుచేసే ఓదెలు తాత తల గోక్కుంటూ ముందుకు వచ్చాడు. "డబ్బానా? పొద్దుగాలనే భంగారోని బండిల ఏసిన బిడ్డా," అన్నాడు.

ఆయన్ని ఏమనడానికీ లేదు. దూది రేణువులు గాలిలో తేలే చోట అట్టముక్క ఉంటే నిప్పురవ్వ చాలు. కొత్త మిషన్ ఏది వచ్చినా దాని అట్టలు మర్నాటికి షెడ్డులో ఉండకూడదన్నది మా ఇళ్ళల్లో నీళ్ళు తాగినంత అలవాటు. కాశన్న తండ్రి కాలం నుంచీ ఓదెలు తాత చేస్తున్న పని అదే. పాత సామాను, అట్టలు కొనే ఆ భంగారు బండి అప్పటికే కళ్యాణ్ దాటిపోయి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే కనుకయ్య పెద్దన్న వచ్చాడు. చేతిలో కొలత టేపు ఉంది. నిండిన గదిని చూశాడు, కదలని టీవీని చూశాడు. "జనం అయితే ఉన్నరు. ఆట ఏదిరా?" అన్నాడు. పెద్దన్న టేపు ఒక కొస ఓదెలు తాత చేతికిచ్చి గోడ దగ్గరికి పంపాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కలు ఒక్కొక్కరే కొంగులు సర్దుకుని లేవబోయారు.

"ఆగుండ్రి!" అని గడపలోంచి గొంతు వినిపించింది. మా పెద్దవ్వ, అంటే ఆ అన్నదమ్ముల తల్లి లక్ష్మవ్వ. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, రెండు దీపాలు. "దీపం పెట్టకముందుగాల్నే స్విచ్ ఏసిండ్రా? మీకు బుద్ధి ఉన్నదా? అది ఎట్ల నడుస్తదే?"

మా ఇళ్ళల్లో కొత్త మగ్గం దింపినా, కండెలు చుట్టే మిషన్ తెచ్చినా, మొదటిసారి నడిపే ముందు రెండు దీపాలు పెట్టాల్సిందే. ఒకటి మిషన్‌కు, ఇంకొకటి దాన్ని నడిపే చేతికి అంటుంది పెద్దవ్వ. తొందరలో మేం ఆ సంగతే మరిచిపోయాం.

"అవ్వా, అది దీపానికి నడిచే మిషన్ గాదే," అన్నాడు కాశన్న నీరసంగా.

"నీ మొకం. మిషన్ అంటే మిషనే," అంది పెద్దవ్వ. ఓదెలు తాత టేపు వదిలేసి, దూది ఉన్నచోట దీపం కదా అని నీళ్ళ బకెట్ తెచ్చి పక్కన పెట్టాడు. గాలికి ఆరిపోకుండా ఫ్యాన్ ఆపించి షట్టర్ సగం దించారు. గదిలో చీకటి పడింది, ఉక్కపోత మొదలైంది. పెద్దవ్వ టీవీ ముందు పళ్ళెం పెట్టి, మిషన్‌కు బొట్టు పెట్టి, జానెడు ఎడంగా రెండు దీపాలు వెలిగించింది.

"రా బిడ్డా, మొక్కు," అంది నాతో. నేను రిమోట్ చేతిలో ఉండగానే రెండు చేతులూ జోడించాను. రిమోట్ మూతి దీపాల వైపు తిరిగింది.

తెర మీద చెయ్యి బొమ్మ ప్రత్యక్షమైంది.

వెనకున్నవాళ్ళు కుర్చీలెక్కి చూశారు. నేను చేతులు కొంచెం కుడికి జరిపాను, తెర మీద చెయ్యి కుడికి జరిగింది. దీపం వణికితే అదీ వణికింది. పెద్దవ్వ ఒక్కతే ఆశ్చర్యపోలేదు. "సూసిండ్రా?" అని పళ్ళెంలోంచి ఇంత కుంకుమ తీసి నా నుదుట కూడా పెట్టింది.

యోగేష్ గట్టిగా తొడ చరిచాడు. "అరే! ఆ పట్టీల ఉండేది గూడ రెండు దిక్కుల రెండు లైట్లే! మన కంటికి కనపడవు, రిమోట్ కంటికి కనపడ్తయ్. దీపంల గూడ గసొంటి వెలుగే ఉంటది!" అన్నాడు. ఎవరూ వినలేదు. అక్కలంతా అప్పటికే చెంపలు వేసుకుంటున్నారు.

తర్వాత గదిలో జరిగింది జాతరే. కొంగు నడుముకు చుట్టి మా ఎదురింటి వదినె టెన్నిస్ ఆడింది, ఆమె చెయ్యి తగిలి నిలేష్ చాయ్ గ్లాసు ఎగిరిపడింది. ఫ్యాన్ లేక అందరం చెమటలో తడిసి ముద్దయ్యాం. "ఇగో నిలేష్, చెమట బొట్టు కనపడ్తుందా?" అన్నాను. వాడు మొహం తుడుచుకుంటూ, "కనపడ్తుందే తల్లీ. ఒప్పుకున్న," అన్నాడు. ఆ మాట వినడం కోసం నేను ఎన్ని శుక్రవారాలు గొంతు చించుకున్నానో!

కానీ పెద్దన్న గోడకు ఆనుకుని టేపు పట్టుకునే ఉన్నాడు. "ఇయ్యాల వింత సూడనీకి వచ్చిండ్రు. రేపెవ్వలస్తరు?" అన్నాడు.

నేను డిస్క్ మార్చాను. ఈసారి వచ్చింది గురి చూసి కాల్చే ఆట. తెర మీద బెలూన్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. పెద్దన్న మొహం ఒక్కసారి మారింది. చిన్నప్పుడు ఊరి జాతరలో బెలూన్లు కొట్టడంలో ఈయన్ని మించినవాడు లేడని, దుకాణంవాడు ఈయన్ని చూస్తే తుపాకీ దాచేవాడని పెద్దవ్వ ఎన్నోసార్లు చెప్పింది. నేను రిమోట్ ఆయన చేతికిచ్చాను.

"నాకెందుకే," అంటూనే తీసుకున్నాడు. ఒక కన్ను మూశాడు. బెలూన్ పగిలింది. ఇంకొకటి పగిలింది. టేపు ఎప్పుడు కింద పడిందో ఆయనకు తెలియదు. కాశన్న నా వైపు చూశాడు, నేను కాశన్న వైపు చూశాను.

పెద్దన్న ఒక ఆట అయ్యాక ఇంకొకటి పెట్టమన్నాడు, అది అయ్యాక మరొకటి. మధ్యలో ఒక దీపం కొడిగట్టి తెర మీద గురి చెదిరిపోతే, "అరే కాశీ, నూనె పోయ్‌రా జల్ది! బెలూన్ పోతున్నది!" అని షెడ్డు అదిరిపోయేలా అరిచాడు. కాశన్న నూనె గిన్నె కోసం పరుగెత్తిన పరుగు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

పెద్దవ్వ కింద పడిన టేపును తీసి కొంగుతో తుడిచి, టీవీ ముందుకు వచ్చి నిలబడింది. "ఏమిరా కనుకయ్యా, మరి మగ్గాలు ఎప్పుడు దింపుతవ్?" అని అడిగింది.

పెద్దన్న ఒక కన్ను మూసుకునే ఉన్నాడు.

"ఏ మగ్గాలే అవ్వా? జర పక్కకు జరుగు, దీపం కనపడ్తలేదు."