ఊపిరి కాపలా

"ఊరికే కూర్చునే ఉన్నావుగా, పైకెళ్ళి అమ్మకి భోజనం పెట్టేసి రా" అన్నారు మా ఆయన, గ్లవ్స్ విప్పి బుట్టలో పడేస్తూ.

కింద మా పళ్ళ ఆసుపత్రి, పైన మా ఇల్లు. ఆయన పళ్ళ డాక్టరు, నేను మత్తు డాక్టర్ని. కుర్చీలో ఆరేళ్ళ పాప ఇంకా మత్తులోనే ఉంది. పుచ్చిన పళ్ళు మూడూ తీసేశారు కాబట్టి ఆయన పని అయిపోయింది. పాప కళ్ళు తెరిచి, పక్కనే నిలబడ్డ వాళ్ళమ్మని గుర్తుపట్టి మాట్లాడేదాకా నా పని అవదు. పన్ను పీకే చెయ్యీ, ఊపిరిని కనిపెట్టుకునే కన్నూ ఒకరివే కాకూడదని నిబంధన. ఆ నిబంధన చూపించే, పెద్దాసుపత్రి ఉద్యోగం మానిపించి నన్నిక్కడ కూర్చోబెట్టారు. "బయటివాళ్ళెందుకు, ఇంట్లోనే ఉందిగా" అని స్నేహితుల దగ్గర మురిసిపోయారు కూడా. మత్తు డాక్టరూ, వంటమనిషీ ఒకే కొంగున దొరికితే ఎవరు మాత్రం మురిసిపోరు?

ఊరికే కూర్చున్నానట. ఇందాక ఆయన మూడో పన్ను మీద వంగి ఉండగా పాప గడ్డం వాలి, నాలుక వెనక్కి జారి, గొంతులో గురక మొదలైంది. ఆయన్ని ఆపమని, గడ్డం పైకెత్తి పట్టుకున్నాను. ఊపిరి మళ్ళీ సాఫీగా ఆడింది. "ఏం కాలేదుగా" అన్నారాయన. ఏమీ కాకుండా చూడటమే నా పని. పైన ఇంట్లోనూ అంతే. పాలు పొంగిపోవు, కూర మాడదు, అత్తయ్య మందుల వేళ తప్పదు. జరగనివి ఎవరి కంటా పడవు. "నువ్వు చేసిందేముంది" అనే మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి.

"నేను చూస్తుంటాలే, వెళ్ళు" అన్నారు మళ్ళీ. పక్క గదిలో ఇంకో పేషెంటు అప్పటికే నోరు తెరుచుకుని ఆయన కోసం చూస్తున్నాడు.

పాప తల్లి భయంగా నా వంక చూసింది. నాకు ఒళ్ళు మండింది, కానీ గొంతు పెంచలేదు.

"పక్క గదిలో పేషెంటు నోట్లో చూస్తూ ఈ పిల్ల ఊపిరేం చూస్తారు? నేను లేవను. కూర వెచ్చబెట్టి మీరే వడ్డించండి."

"నాకవన్నీ రావని తెలుసుగా."

"మూడు పళ్ళు పీకినవారు, ఒక గరిటె తిప్పలేరా?"

పాప తల్లి చేత్తో నవ్వు దాచుకుంది. ఆయన పక్క గది పేషెంటుని ఆగమని చెప్పి, మెట్లెక్కారు.

కాసేపటికి అత్తయ్య ఫోన్. నా చెయ్యి పాప గడ్డం కింద ఉండటంతో, పాప తల్లే తీసి నా చెవి దగ్గర పెట్టింది.

"వాడిని పంపావేంటే? నువ్వక్కడ ఏం చేస్తున్నావు?"

ఇన్నేళ్ళూ "ఏం లేదత్తయ్యా, వచ్చేస్తున్నా" అనేదాన్ని. పాప ఛాతీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా చెప్పాను.

"పని చేస్తున్నానత్తయ్యా."