కొత్త దారం

చిన్న బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టే తెంపుకుంటూ వస్తున్నాడు ఆర్లో విట్మర్. ఊదా రంగు చొక్కా వీపు మీద, ఏడు అంకెకు పైన, ‘హాల్డర్’ అని రాసి ఉన్న పేరుపట్టీ సగం ఊడి వేలాడుతోంది. ఊడినంతమేరా సూది బెజ్జాలు చీమలబారులా బయటపడ్డాయి.

విప్పేటప్పుడు ఆర్లో తొందరపడడు. వాళ్లమ్మ చేతితొడుగుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. “కుట్టడం ఎవడైనా కుడతాడు, గుడ్డకి నొప్పి తెలీకుండా విప్పేవాడే పనోడు” అనేది. ఆమె నేర్పిన పనే అతని చేతిలో మిగిలింది.

అరవై రెండేళ్లు నిండాయి. ఇరవై మూడో ఏట, ఒక్క నెలకని, ఈ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికే పనిలో చేరాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. మైదానం మెట్ల కింద కిటికీ లేని గది, మూడు ఉతికే మిషన్లు, ఆరబెట్టేవి రెండు, ఒక కుట్టుమిషను. భోజనశాలలో పనిచేసే లోర్నా ఒకప్పుడు రోజూ ఆ గదికి వచ్చేది. రెండేళ్లు చూసి, అడగని మనిషికి జవాబు ఎలా చెప్పాలో తెలియక, వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంది. జట్టులో తొంభై మంది. ముఖాల కన్నా వాళ్ల బట్టలే అతనికి బాగా తెలుసు. మేజోడు మీద నెత్తుటి మరకను బట్టి ఎవడి కాలిగోరు ఊడిందో చెప్పగలడు. ప్యాంటు నాడా ముడి ఎక్కడికి జరిగిందో చూసి ఎవడు తిండి మానేశాడో చెప్పగలడు. అడిగేవాళ్లే లేరు.

పొద్దున్నే కోచ్ మెర్కెల్ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. “ఒంటిగంటకి ఒక కుర్రాడు వస్తున్నాడు, ఆర్లో. కేడ్ రోలిన్స్. పెద్ద కాలేజీ వదిలి మారతానంటున్నాడు. క్వార్టర్‌బ్యాక్. ఏడో నంబరే కావాలట.”

“ఏడు వెస్‌ది కదా, కోచ్.”

“ఫొటోకేలే. కేడ్ పేరు కుట్టి లాకర్లో తగిలించు. మూడింటికల్లా వెస్ పేరు మళ్లీ కుట్టేసెయ్, సాయంత్రం ఆటకి వాడికి కావాలి.” పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. “వాడి చెవిన పడనివ్వకు. నువ్వెటూ మాట్లాడేవాడివి కాదులే.”

జట్టును చూసుకోవడానికి వచ్చే ఆటగాడికి అతని పేరుతోనే చొక్కా తొడిగి ఫొటో తీయడం ఇక్కడి ఆచారం. పెళ్లిచూపులకు వచ్చినవాడికి బాసికం కట్టి చూసుకున్నట్టు. చాలామంది మళ్లీ కనబడరు. వాళ్ల పేరుపట్టీలు ఆర్లో దగ్గర బిస్కెట్ల డబ్బాలో పడి ఉన్నాయి. అయితే ఇన్నేళ్లూ అతను ఎవరూ తొడగని నంబర్ల మీదే ఆ పేర్లు కుట్టాడు. ఊదా రంగులో ఏడో నంబరు చొక్కా ఒక్కటే ఉంది. ఆడుతున్నవాడి పేరు విప్పడం ఇదే మొదలు.

వెస్ హాల్డర్ మూడేళ్లు ఇంకొకడి వెనక ఎదురుచూశాడు. బంతి విసిరే ఆ క్వార్టర్‌బ్యాక్ స్థానం జట్టులో ఒక్కడిదే. పెద్దవాడు చదువు ముగించి పోయాక ఈ ఏడాది వెస్ వంతు వచ్చింది, ఇదే అతని చివరి ఏడాది కూడా. కేడ్ వస్తే అదీ ఆడకుండా బల్ల మీద కూర్చునే గడిచిపోతుంది.

పన్నెండింటికి తలుపు తోసుకుని వెస్సే వచ్చాడు. ఆర్లో చొక్కాను మురికి తువ్వాళ్ల కిందికి నెట్టాడు.

“శుక్రవారం, విట్మర్ గారూ. మర్చిపోయారా?” వెస్ కాగితంలో చుట్టిన దాల్చినచెక్క రొట్టె బల్ల మీద పెట్టాడు. శుక్రవారం భోజనశాలలో కారం చిక్కుడుగింజల కూరతో పాటు అది పెడతారు. తన వంతు రొట్టె తెచ్చి ఇక్కడ సగం పంచడం వెస్‌కు మూడేళ్లుగా అలవాటు. తక్కిన ఎనభై తొమ్మిది మందికీ ఆర్లో ‘సబ్బుతాత’. గారూ అని పిలిచేది వెస్ ఒక్కడే. తడి తువ్వాలు బుట్టలోకి విసిరేయకుండా నాలుగు మడతలు పెట్టి ఇచ్చేవాడూ వెస్ ఒక్కడే.

తిరుగుతున్న మిషను ఎక్కి కూర్చున్నాడు. “పెద్ద భాగం మీరే తీసుకున్నారు.”

“నా పళ్లకి మెత్తగా ఉందని.”

“పళ్లుంటే కదా.” నవ్వి, వేళ్లకంటిన పంచదార నాక్కున్నాడు. తర్వాత నేలచూపు చూస్తూ అడిగాడు. “ఎవడో క్వార్టర్‌బ్యాక్ చూడ్డానికొస్తున్నాడని పిల్లలు గుసగుసలాడుతున్నారు. మీకేమైనా తెలుసా?”

ఆర్లో రొట్టె నములుతూనే ఉన్నాడు. మింగడానికి పట్టినంత సేపూ చెప్పడానికి వ్యవధి ఉంది.

“బట్టలుతికేవాడికి ఎవరు చెప్తారు, బాబూ.”

“అదీ నిజమేలే,” అని వెస్ దిగి వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు వచ్చిన కేడ్ ఎత్తరి, నెమ్మదస్తుడు. చొక్కా తొడుక్కుని అద్దంలో వీపు చూసుకున్నాడు. “మీరు కుట్టారా, సార్? మా దగ్గర అతికించేస్తారు. దారం భలే మెరుస్తోంది.” అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఆర్లోకు ఏమీ దొరకలేదు.

మెరిసింది కొత్త ఉండ. పాత ఉండ మొన్ననే అయిపోయింది. కేడ్ వెళ్లాక ఆర్లో అతని పట్టీ విప్పి, ‘హాల్డర్’ పట్టీని పాత బెజ్జాల మీదే పెట్టి, బెజ్జం తప్పకుండా కుట్టాడు. చూస్తే దారం పసుపుకొమ్ములా మెరుస్తోంది. కిందనున్న అంకె చుట్టూ కుట్టు ఉతుకులకు ఎండుగడ్డి రంగుకు తిరిగిపోయి ఉంది. ఎవడి వీపు వాడికి కనబడదు గదా అనుకున్నాడు.

నాలుగింటికి వెస్ చొక్కా అందుకుని, ఎప్పటిలాగే మోకాలి మీద పరిచి, ముడతలు సరిచేయబోయాడు. చెయ్యి పేరు మీద ఆగింది. గోటితో కుట్టు వెంట చివరిదాకా గీశాడు.

“ఇవాళేనా కుట్టింది?”

“ఇవాళే.”

“మధ్యాహ్నం నేనొచ్చినప్పుడు ఎక్కడుంది ఇది?”

ఆర్లో తువ్వాళ్ల బుట్ట వైపు చూశాడు. వెస్ కూడా అటు చూశాడు.

“మా ఊరి దగ్గర కాలేజీ వాళ్లు రెండు వారాల నుంచి రమ్మంటున్నారు,” అన్నాడు వెస్, గొంతు పెంచకుండా. “ఇక్కడ నాకు మీరున్నారు కదా, ఏదైనా ఉంటే చెప్తారులే అనుకున్నాను.”

“కోచ్ చెప్పొద్దన్నాడు.”

“అంటాడు. ఆయన పని అది.” చొక్కా తొడుక్కుని, శిరస్త్రాణం అందించాడు. “గాలి తగ్గింది, కాస్త కొట్టండి.”

ఆర్లో లోపలి మెత్తలకు చిన్న పంపుతో గాలి కొట్టాడు. చెంప దగ్గర రెండు వేళ్లు దూర్చి బిగువు చూశాడు. మూడేళ్లుగా చూస్తున్నదే.

జట్టు తనలో తానే రెండుగా చీలి ఆడే వసంతకాలపు ఆట అది. చూడటానికి రెండొందల మంది వచ్చారు. ఆర్లో నీళ్ల బండి దగ్గర నిలబడ్డాడు. వెస్ విసిరిన బంతి ప్రతిసారీ, పరుగెత్తేవాడు చేతులు చాచినచోటికే వెళ్లింది. దూరానికి ఆటగాడి ముఖం తెలియడం లేదు. సాయంత్రపు ఎండలో వీపు మీది దారం మాత్రం తెలుస్తోంది.

ఆరున్నరకి, స్నానాల గది ఖాళీ అయ్యాక, ఆర్లో బుట్ట తోసుకుంటూ లాకర్ల వెంట వచ్చాడు. తన గదిలో ఫోను మోగితే వెళ్లి ఎత్తాడు.

“కేడ్ ఇంకో కాలేజీకి మాటిచ్చేశాడట,” అన్నాడు కోచ్. “పోతే పోయాడు, ఇవాళ వెస్‌ని చూశావుగా. వాడెక్కడ? ఫోన్ ఎత్తట్లేదు. కాలేజీ మారిపోతున్నవాళ్ల జాబితాలో వాడి పేరు కనబడుతోంది, పొరపాటేమో అడుగు.”

“పొరపాటు కాదు, కోచ్.”

“నీకెలా తెలుసు?”

ఆర్లో ఫోను పెట్టేశాడు. వెస్ లాకరు దగ్గరికి వెళ్లాడు. చెప్పులు లేవు, సంచి లేదు. ఏడో నంబరు చొక్కా కొక్కేనికి తగిలించి ఉంది, పేరు గోడ వైపు తిప్పి. దాన్ని తీసి తక్కిన బట్టలతో పాటు మిషనులో వేసి, మీట నొక్కి, ఖాళీ బుట్టతో మళ్లీ వచ్చాడు.

ముక్కాలిపీట మీద తువ్వాలు ఒక్కటే మిగిలింది. నాలుగు మడతలూ అంచులు కలిసే ఉన్నాయి, తడి ఇంకా ఆరలేదు.