కుడివైపు, కింది అంతస్తు

ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రే గది నేల కింద ఉండేది. మెట్లు దిగి, బాయిలర్ గది దాటి, బరువైన ఆకుపచ్చ తలుపు నెట్టుకుని లోపలికి వెళ్తే అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే మనిషి. రోగిని పలకకి ఆనించి నిలబెట్టి, తను గోడ చాటుకి వెళ్లి, "ఊపిరి బిగబట్టండి... కదలకండి... ఆఁ, ఇక వదలండి" అనేది. రోజుకి వంద సార్లు అదే మాట. అందుకే ఆస్పత్రి మొత్తానికి ఆవిడ ఊపిరి మేడం. జీతం కాగితాలు రాసే గుమాస్తాకి తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ గదికి కిటికీ లేదు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో లోపలికొచ్చే వాళ్ల చెప్పుల్ని చూసి తెలుసుకోవలసిందే.

ఆవిడ భర్త దూరపు బస్సుల డ్రైవరు. ఆయన ఉద్యోగమంతా గోడంత అద్దం ముందు గడిచింది. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని, "ఇవాళ ఘాట్ మీద జింకల మంద అడ్డమొచ్చింది" అనేవాడు. అంతే. ఆయనకి అది పావుగంట ఆలస్యం, ఇంకేం కాదు. ఆవిడకి మాత్రం అన్నం సయించేది కాదు. ఎన్నున్నాయి, పిల్లలున్నాయా, లైట్లు చూసి బెదిరాయా, ఎటు దిగిపోయాయి అని అడిగీ అడిగీ ఆయన ప్రాణం తీసేది.

ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. ఎక్కడికైనా వెళ్దామని ఆయనే అన్నాడు.

"తిమింగలాన్ని చూడాలండీ" అందావిడ.

ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

టికెట్ల ఆఫీసులో ఉన్న అమ్మాయి ఓడ ప్లాను బల్ల మీద పరిచింది. అంతస్తుకో కాగితం, ఒక్కో కాగితం మీద అగ్గిపెట్టెల్లాంటి గదులు వందల కొద్దీ.

"పై అంతస్తులో బాల్కనీ గది తీసుకోండి ఆంటీ. అందరూ అవే అడుగుతారు."

"అదే రాసెయ్యమ్మా. కుర్చీలేసుక్కూచుంటాం" అన్నాడు డ్రైవరుగారు, చిటికెలో పని అయిపోయిందన్నట్టు.

ఊపిరి మేడం కళ్లజోడు పెట్టుకుని ప్లానుని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. అలవాటు. ఫిల్ము చూసినట్టు ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది.

"ఈ ఓడ బయల్దేరిన రేవుకే తిరిగొస్తుందా, వెళ్లినచోటే దింపేస్తుందా?"

"అక్కడే దిగాలి ఆంటీ. అక్కణ్ణించే తిరుగు విమానం."

"పడమటి తీరం వెంట ఉత్తరానికే కదా వెళ్తాం? అయితే దారి పొడుగునా నేల కుడిచేతివైపే ఉంటుంది. కుడివైపు ఇవ్వు."

ఆ అమ్మాయి గోడ మీది పటం చూసి, మళ్లీ ఆవిడని చూసింది.

"ఈ వరస కిటికీల ముందు గీతలేంటి?"

"ప్రమాదం వస్తే దింపే పడవలు ఆంటీ. బయట వేలాడదీస్తారు. వాటివల్ల కొంచెం..."

"కొంచెమేం కాదు, కిటికీ నిండా పడవ అడుగే కనిపిస్తుంది. ఇది వద్దు. ఇంజను ఎక్కడ? వెనకా? అయితే వెనక కూడా వద్దు, గదంతా అదురుతుంది. ముందుభాగం అలలకి ఎగిరెగిరి పడుతుంది. నడిమధ్యన ఇవ్వు. కిందది."

"కిందా?" డ్రైవరుగారు కుర్చీలో నిటారుగా అయ్యాడు. "మళ్లీ కిందికేనా? ముప్పై ఒక్కేళ్లు చాల్లేదా నీకు?"

"పైనుంచి చూస్తే వీపు కనిపిస్తుందండీ. ఛాతీ ఫిల్ములు తీసీ తీసీ ఎన్ని వీపులు చూశానో నాకే తెలీదు. పలకకి మొహం పెట్టి నిలబడతారు కదా, నాకు మిగిలేది వీపే. దాని మొహం చూడాలి నేను. నీళ్లకి ఎంత దగ్గరైతే అంత మంచిది."

"కిటికీ తెరుచుకోదు ఆంటీ" అని హెచ్చరించింది అమ్మాయి.

"అద్దం శుభ్రంగా ఉంటే చాలు."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు గానీ అడ్డు చెప్పలేదు. గది నంబరు రాస్తూ ఆ అమ్మాయి, "మా ఆఫీసులో చేరిపోండి ఆంటీ, నాకు సెలవు దొరుకుతుంది" అంది.

రెండు విమానాలు మారి, ఎక్కడో చలిదేశపు రేవులో ఓడ ఎక్కారు. గది చిన్నదే. రెండు మంచాలు, మధ్యలో పళ్లెమంత బల్ల, గోడకి నిలువెత్తు అద్దం, దాని పక్కన గుండ్రటి పెద్ద కిటికీ. కిటికీ కింద మూడు నిలువుల లోతున నీళ్లు ఓడని రాసుకుంటూ పోతున్నాయి. ఆవిడ పెట్టె కూడా విప్పకుండా అక్కడే కూర్చుంది.

మర్నాడు పొగమంచు కమ్మింది. ఆ తర్వాతి రోజూ అంతే. కిటికీకి ఎవరో బయటినుంచి సున్నం కొట్టినట్టుంది. కుడిచేతివైపు ఉండవలసిన నేల ఉందో లేదో కూడా తెలియదు. భోజనాల దగ్గర పక్క బల్లవాళ్లు, తమ బాల్కనీలోంచి అయినా కనిపించేది ఇంతేనని చెప్పారు. అయినా ఆవిడకి మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

"ఏసీ ఉన్న బేస్‌మెంటు" అన్నాడు ఆయన, గదిలోకి వస్తూ. హాస్యానికే అన్నాడు. ఆవిడ తుండుగుడ్డ మడత పెడుతూ ఉండిపోయింది. మడత పెట్టిందే మళ్లీ విప్పి మడత పెట్టడం చూసి, ఆయన ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఓడలో ఉన్న జంతుశాస్త్రం మాస్టారు హాల్లో తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడాడు. తిమింగలం ఈతరెక్క లోపలి ఎముకల బొమ్మ వచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి ఎముకలు. ఊపిరి మేడం ముందుకు వంగింది. భుజం ఎముక, పొట్టిగా, దిట్టంగా. దాని కింద జంట ఎముకలు. మణికట్టు. ఆ తర్వాత వేళ్లు, కణుపు తర్వాత కణుపు, పొడుగ్గా.

"ఇది చెయ్యి!" అంది పైకే. హాల్లో అందరూ తిరిగి చూశారు.

"అవునండీ, చెయ్యే" అన్నాడు మాస్టారు.

"ఒక వేలు తక్కువుంది."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "మీరే మొదట పట్టుకున్నారు. మనం చూడబోయే ఈ జాతికి నాలుగే. నేను చెప్పేదాకా ఎవరూ లెక్కపెట్టరు. డాక్టరుగారా మీరు?"

"కాదండీ. ఎక్స్‌రేలు తీసేదాన్ని."

గదికొచ్చాక కూడా తన చెయ్యి బల్ల మీద ఆనించి, ఫిల్ము మీద పెట్టించినట్టు వేళ్లు విడదీసి, చాలాసేపు చూసుకుంది.

నాలుగో రోజు పొద్దున పొగమంచు విడింది గానీ సముద్రం పొంగింది. ఓడ ఊయలైంది. డ్రైవరుగారు మంచం పట్టాడు.

"ఘాట్ మలుపుల్లో నా వెనక కూచున్నవాళ్లకి ఎన్ని కవర్లు పంచానో! ఇవాళ నాకే కావాల్సొచ్చింది. స్టీరింగు నా చేతికివ్వమను, చిటికెలో తగ్గిపోతుంది."

"ఓడని మలుపులో తోసేస్తారేమో. పడుకోండి."

మాత్ర వేయించి, తడిగుడ్డ నుదుటి మీద వేసింది. అప్పుడే గోడలో ఉన్న స్పీకరు గరగరలాడింది. ఓడకి ఎడమవైపున తిమింగలాలు కనిపిస్తున్నాయి, వేగం తగ్గిస్తున్నాం, చూడదలిచినవాళ్లు పైకి రండి అని కెప్టెన్ గొంతు. నడవాలో తలుపులు దబదబ మూసుకున్నాయి. పరుగులు, పిలుపులు.

ఎడమవైపు. ఆవిడ నిలబడిపోయింది. పటం చూసి, గీతలు లెక్కపెట్టి, ఇంజను తప్పించి, పడవలు తప్పించి తను ఎంచుకున్నది కుడివైపు.

"వెళ్లు, వెళ్లు. దానికోసమే కదా ఇంతదూరం వచ్చింది" అన్నాడు ఆయన కళ్లు మూసుకునే.

కోటు తొడుక్కుంది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వెనక ఆయన డోకుతున్న చప్పుడు వినిపించింది. కోటు విప్పి మంచం మీద పడేసి, వచ్చి వీపు నిమిరింది.

"నాకేం కాదు, వెళ్లవే."

"మీరు మంచం మీంచి పడితే ఎత్తలేక చావాలి. ఊరుకోండి."

కాసేపటికి ఆయన కుదుటపడ్డాడు. ఓడ దీవుల మధ్యకి వచ్చినట్టుంది, ఊపు తగ్గింది. ఇంజను చప్పుడు సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది. పై అంతస్తుల్లోంచి జనం కేక ఒకటి లీలగా వినిపించింది. అక్కడేదో గొప్పది జరిగింది. ఆవిడ తల తిప్పకుండా తడిగుడ్డ పిండుతూ కూర్చుంది.

అప్పుడు కిటికీ అవతల పెద్దగా ఒక చప్పుడయింది. అంత మందం అద్దంలోంచి కూడా వినిపించింది.

డ్రైవరుగారు దిగ్గున తలెత్తాడు. "ఎవరో ఎయిర్ బ్రేకు వదిలారు!"

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నీళ్ల మీద తెల్లటి ఆవిరి స్తంభం నిలబడి, మెల్లగా విడిపోతోంది. దాని కింద నల్లటి వీపు ఒకటి పైకొస్తూ ఉంది. వస్తూనే ఉంది. ఇక అయిపోయిందనుకున్నప్పుడల్లా ఇంకా వస్తోంది. దాని పక్కన చిన్న ఊపిరొకటి, పిచికారీ కొట్టినట్టు. పిల్ల.

"ఏవండీ" అంది.

ఆయన గోడ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. తల్లి ఆగివున్న ఓడ వైపే వస్తోంది. తొందర లేదు, భయం లేదు. నీళ్లు పచ్చగా, స్పష్టంగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో దాని ఆకారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కిటికీలో పట్టలేదు. సరిగ్గా వాళ్ల కిందకి వచ్చి, అది పక్కకి తిరిగింది.

కన్ను కనిపించింది.

అంత శరీరానికి అంత చిన్న కన్ను. ముడతల మధ్య, తడిగా, గోధుమరంగులో. అది కదిలింది. ఓడ పొడుగునా చూసుకుంటూ వచ్చి, గుండ్రటి కిటికీ దగ్గర ఆగింది. ఆవిడ కదల్లేదు. ఎన్నేళ్లుగానో మనుషుల లోపలికి చూసిన మనిషి, మొదటిసారి తనలోకి ఎవరో చూస్తున్నట్టు నిలబడిపోయింది.

తర్వాత దాని ఈతరెక్క లేచింది. నీళ్లు కారుతూ, మనిషి నిలువుకి రెండింతలకి పైగా, అడుగున తెల్లగా, అంచున బుడిపెలతో. కిటికీకి అరచెయ్యి చూపించినట్టు గాల్లో నిలబడింది. ఆవిడకి చర్మం కనిపించలేదు. లోపలున్న భుజం ఎముక, జంట ఎముకలు, మణికట్టు, నాలుగు పొడుగాటి వేళ్లు కనిపించాయి. తనకి తెలియకుండానే ఆవిడ చెయ్యి లేచి కిటికీ అద్దానికి ఆనింది. ఐదు వేళ్లూ విడిగా.

రెక్క ఫెళ్లున నీళ్ల మీద పడింది. తుంపర్లు కిటికీని ముంచేశాయి. అద్దం తేటపడేసరికి తల్లి వీపు వంచి లోపలికి జారుతోంది, పిల్ల దాని పక్కనే అతుక్కుని. చివర తోక లేచి, అంత బరువూ చప్పుడు లేకుండా మునిగిపోయింది. నీళ్ల మీద నున్నటి గుండ్రం మాత్రం మిగిలింది.

ఆవిడ చెయ్యి ఇంకా అద్దం మీదే ఉంది.

"ఇక ఊపిరి వదలొచ్చు మేడం" అన్నాడాయన మెల్లగా.

అప్పుడు గాని ఆవిడకి తెలియలేదు, బిగబట్టానని. వదిలింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"ఆ జింకల్ని నేను సరిగ్గా చూళ్లేదే" అన్నాడు. "అన్నేళ్లు రోడ్డు మీద ఎన్ని ఎదురుపడ్డాయో. ఒక్కదాని కన్నూ చూళ్లేదు."

మధ్యాహ్నానికి ఓడ ఒక ఇరుకు అఖాతంలోకి తిరిగింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆయనకి ఒంట్లో బాగైంది. ఇద్దరూ కోట్లు తొడుక్కుని పైకెక్కారు. మెట్ల దగ్గర మాస్టారు ఎదురయ్యాడు.

"పొద్దున చూశారా? దూరంగా ఒకటి గాల్లోకి ఎగిరింది!"

"మేం కుడివైపు చూశాం" అన్నాడు డ్రైవరుగారు గర్వంగా. "తల్లీ పిల్లా. తల్లి నా బస్సు కంటే పొడుగు. పిల్ల మినీబస్సులో సగం ఉంటుంది. పార్కింగుకి వచ్చినట్టు మా కిటికీ కింద ఆగింది. మా ఆవిడకేసి చెయ్యెత్తింది కూడా."

మాస్టారు నోరు తెరిచాడు. ఊపిరి మేడం ఆయన మాటల్లో ఏదీ దిద్దలేదు. ఆవిడ చూపు అప్పటికే ముందుకి పోయింది.

అఖాతం చివర, కొండకీ కొండకీ మధ్య, మంచు గోడ. దూరం నుంచి తెల్లగా అనిపించినది దగ్గరికొచ్చే కొద్దీ నీలం అయింది. ఆకాశంలో ఎక్కడా లేని నీలం, లోపల దీపం పెట్టినట్టు. ఓడ పది అంతస్తుల ఎత్తు అయితే, ఆ గోడ ముందు అది పీటలా ఉంది. తేలుతున్న మంచుపలకలు ఓడకి తగిలి చిటపటలాడుతున్నాయి. వందలమంది జనం, ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు. కెప్టెన్ ఓడని నిలబడ్డ చోటే నెమ్మదిగా తిప్పసాగాడు. ఎడమవైపువాళ్లకీ, కుడివైపువాళ్లకీ అందరికీ వంతు వచ్చేలా.

గోడలోంచి మేడంత ముక్క ఒకటి విడింది. జారింది. అది పడేసరికి నీళ్లు కొండలా లేచాయి. చప్పుడు లేదు. అదంతా అయిపోయాక, ఒక్క క్షణం ఆగి, ఉరుము వచ్చింది. కాళ్ల కింద ఇనుము అదిరింది, పక్కటెముకల్లోకి ఎక్కింది, వెనక కొండల్లోకి దొర్లుకుంటూ పోయింది.

"ఎప్పుడు కురిసిన మంచో అది" అంది ఆవిడ. "మనమెవ్వరం లేనప్పటిది."

భోజనం గంట మోగింది. జనం ఒకరొకరే కదిలారు. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఆకలి?"

"మళ్లీ పడుతుందేమోనండీ."

"సరే, పడనీ" అన్నాడు ఆయన. కోటు కాలరు పైకి లాక్కుని, రెయిలింగు మీద మోచేతులు ఆనించి, రోడ్డు సంగతి మర్చిపోయి చూడటం మొదలుపెట్టాడు.