శుక్రవారం వంతు

నేను ఒక గోడను. నా మీద సున్నం కొట్టలేరు, మేకు దిగ్గొట్టలేరు, ఎన్నికలప్పుడు ఎవరి గుర్తూ గీయలేరు. ఫోన్లో తెరిస్తే కనిపిస్తాను, మూస్తే ఉండను. నా మీద ఎవరైనా చీటీ అంటించవచ్చు, బొమ్మ పెట్టవచ్చు, మీట నొక్కి మాట్లాడి ఆ మాటను వదిలి వెళ్లవచ్చు. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు ఒక్కచోట కూర్చున్నట్టు చదువుకోవాలని నన్ను తయారుచేశారట. తయారుచేసినవాళ్లను నేనెన్నడూ చూడలేదు. నా నుదుట మాత్రం పెద్ద అక్షరాలతో 'ఉచితం' అని రాసి లోకం మీదికి వదిలారు. ఆ మాట చూడగానే మనుషులకు ఎక్కడలేని నమ్మకం పుట్టుకొస్తుంది. ఎందుకు ఊరికే ఇస్తున్నారని ఒక్కరూ అడగరు.

నేను పుట్టింది ఆదోనిలో, పంతుళ్ల శిక్షణ తరగతిలో. చెప్పేవాడు చెప్పినట్టల్లా అందరూ తలా ఒక గోడ తెరిచారు. దాని మీద 'గుడ్ మార్నింగ్' అని ఒక చీటీ అంటించారు, తెగ మురిసిపోయారు, టీ తాగడానికి వెళ్లారు. తిరిగొచ్చాక వాళ్లకు ఆ సంగతే గుర్తులేదు. నాతోపాటు పుట్టిన ఆ గోడలన్నీ ఇప్పటికీ ఎక్కడో ఒక్కో గుడ్ మార్నింగ్‌తో పడి ఉన్నాయి. నన్ను మాత్రం మద్దిలేటి సార్ వెంట తీసుకుపోయాడు.

ఆయన ఎర్రగేరి హైస్కూల్లో సైన్సు చెబుతాడు. ఆ ఊరు కర్నూలు జిల్లాకు పడమటి అంచున ఉంది. తుంగభద్ర దగ్గర్లోనే పారుతుంది గానీ ఎర్రగేరి చేలకు చుక్క రాదు. దసరా వెళ్లిందంటే సగం ఊరు ఇళ్లకు తాళాలేసి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బయల్దేరుతుంది. దాన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. ఇంట్లో వండిపెట్టే దిక్కుండదు కాబట్టి పిల్లల్నీ వెంటేసుకుపోతారు. అప్పుడు పదో తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. సార్ ఎప్పటిలాగే హాజరు పిలుస్తాడు. కొన్ని పేర్ల దగ్గర ఆయన గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఏటా ఇదే వరస. వెళ్లినవాళ్లలో పరీక్షకు తిరిగొచ్చేవాళ్లు తక్కువ. రానివాళ్ల కోసం బడి ఆగదు.

ఆ ఏడు సుగ్గికి వెళ్లే పిల్లలందరినీ పిలిచి ఆయన నన్ను చూపించాడు. నా లోపలికి రావాలంటే ఈమెయిలు కావాలి. పిల్లల్లో ఎవరికీ లేదు. ఆయన ఏమాత్రం తడుముకోకుండా తన పేరు, తన పాస్‌వర్డ్ నల్లబల్ల మీద పెద్దగా రాసి, అందరూ ఇదే వాడుకోండన్నాడు. అప్పటినుంచి నా లెక్కలో వాళ్లంతా మద్దిలేటి సార్లే. నాకు తెలిసినంతవరకు గుంటూరు దగ్గర మిరపకాయలు కోసేది మద్దిలేటి సారే. బెంగళూరులో అపార్ట్‌మెంటుకు ఇసుక మోసేదీ, ఎర్రగేరిలో ఆ రెండింటినీ తలుచుకుని దిగులుపడేదీ ఆయనే. ఎవరెవరో తెలియడానికి సార్ ఒక పద్ధతి పెట్టాడు. ఏం చెప్పినా ముందు పేరు చెప్పాలి.

"సార్, నేను ఉరుకుందమ్మను."

ఆ గొంతు నాకు మొదటిసారి వినపడింది కార్తీకంలో. వెనకాల గాలి, ఎవరిదో దగ్గు. "మేము ఈడ చేన్లోనే గుడిసె ఏసుకోని ఉండాము. మా నాయన ఫోను మోటరు కాడ చార్జింగు పెట్టింటే తెచ్చుకున్నా. గుండె బొమ్మ ఏసినా సార్, సూడండి."

గుండె బొమ్మ ఎరువుల సంచి మీద బొగ్గుతో వేసింది. నాలుగు గదులూ ఉన్నాయి, కవాటాలూ ఉన్నాయి. ఎడమ పక్క గది గోడ మందంగా ఉండాలన్న సంగతి కూడా మరిచిపోలేదు. బడిలోనే ఉన్న ఆమె జతగత్తె తాయమ్మ ఆ రోజు పాఠాన్ని ఫొటో తీసి కింద అంటించేది. ఉరుకుందమ్మ దాన్ని చూసుకుని మర్నాడు ప్రశ్నలు పెట్టేది. కొన్నిసార్లు సగం మాట దగ్గరే ఆగిపోయేది. మిరపకాయలు కోసిన వేళ్లకు మంటెత్తి ఫోను మీద వేలు పెట్టలేకపోయేదని తాయమ్మతో చెప్పింది. సార్‌తో చెప్పలేదు.

సార్ వాళ్లందరికీ కలిపి ఒక పని ఇచ్చాడు. ఎవరున్న చోట వాళ్లు తాగే నీళ్లు ఎక్కడివి, ఎలా ఉన్నాయి, ఎవరెవరికి ఏ జబ్బు చేసింది, చూసి రాయాలి. కాలవ నీళ్లను పాత చీరతో వడకట్టే ఫొటో ఒకరు పెట్టారు. బెంగళూరు నుంచి హనుమేషు అనే కుర్రాడు, పన్నెండంతస్తుల మేడకు నీళ్ల గొట్టాలు బిగిస్తున్న తమకు తాగడానికి మాత్రం ట్యాంకరు నీళ్లేనని, ఆ ట్యాంకరు ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదని చెప్పాడు. ఉరుకుందమ్మ మందు కొట్టే పంపులు కడిగే చోటుకీ, తాము నీళ్లు ముంచుకునే చోటుకీ మధ్య దూరం అడుగులేసి కొలిచి బొమ్మ గీసింది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు దిద్దారు. లోకంలో గోడలు చాలా ఉన్నాయి, నా అంతటి గోడ లేదని ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు ఉండేది.

జనవరిలో హెడ్మాస్టరు సార్‌ను పిలిచాడు. ఇన్నాళ్లు బడికి రాని పిల్లలను పబ్లిక్ పరీక్షకు పంపడం కుదరదన్నాడు. మద్దిలేటి సార్ వినలేదు. వాళ్లు రోజూ చదువుతున్నారు, కావాలంటే గోడ చూడండని పట్టుబట్టాడు. మాట పైదాకా వెళ్లింది. తనిఖీకి వచ్చినప్పుడు ఆ గోడేదో నేనే చూస్తాను, పిల్లలు పనిచేసినట్టు కనబడితే పరీక్ష రాయిద్దాం అని విద్యాధికారి ఒప్పుకున్నాడు. ఆఫీసరు వచ్చి గోడ చూస్తాడు, బాగుందంటే మీకు పరీక్ష ఉంటుందని సార్ నాకే చెప్పాడు, అంటే పిల్లలకు చెప్పాడు. ఆయన గొంతులో అంత హుషారు నేను ముందెప్పుడూ వినలేదు.

ఉరుకుందమ్మ జవాబు వెంటనే వచ్చింది. "మా నాయన ఒప్పుకున్నాడు సార్. పరీక్ష ఉండాదంటే మార్చిలో, మమ్మల్ని కూలికి తోలుకొచ్చిన మేస్త్రి టెంపోలో అంపిస్తానన్నాడు. లేదంటే వచ్చేయేటి నుంచి నన్ను నిండు కూలీకి రాయించుకుంటాడంట మేస్త్రి." భయపడుతున్నట్టేమీ చెప్పలేదు. టెంపో టైము చెప్పినట్టు చెప్పింది.

ఇక్కడ వంతుల సంగతి చెప్పాలి. ఎర్రగేరి బడిలో నల్లబల్ల తుడవడానికి వంతులుంటాయి. తుడిచి, మూలన తేదీ వేసి, హాజరు సంఖ్య రాయడం ఆ వంతు వచ్చినవాళ్ల పని. ఉరుకుందమ్మది శుక్రవారం. సుగ్గికి వెళ్లిన కొత్తలోనే ఆమె అడిగింది: "సార్, నా వంతు ఎవురికన్నా ఇచ్చినారా? ఇయ్యొద్దండి సార్."

సార్ ఆ మాటకు కరిగిపోయాడు. పైగా ఉచితంగా వచ్చిన గోడను కాబట్టి నా మీద పట్టే చీటీలకు ఒక హద్దుంది. అది దాటితే కొత్తవి అంటవు. "ఎవరికీ ఇయ్యలేదమ్మా. శుక్రవారం వంతు నీదే. అయిపోయిన పాఠం చీటీలు తీసెయ్, జాగా సరిపోతుంది," అన్నాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే, చేలోకి దిగకముందే ఆమె నా దగ్గరికి వచ్చేది. అయిపోయిన పాఠం తీసేసి, మూలన తేదీ వేసి వెళ్లేది. నన్ను అంత మర్యాదగా చూసుకున్నవాళ్లు ఇంకొకరు లేరు.

తనిఖీ శుక్రవారం పడింది. ముందు రోజు సాయంత్రం తాయమ్మ మాట వదిలింది. "ఉరుకుందీ, రేపే ఆఫీసరు వచ్చేది. బడంతా కడిగినాము. నల్లబల్లలకు బొగ్గూ ఆకుపసరూ పూసి నున్నగ చేసినాము. ఏ బల్ల మింద గీత ఉన్న్యా ఊరుకోనన్నాడు పెద్ద సారు."

ఎర్రగేరిలో ఆఫీసరు వస్తున్నాడంటే అర్థం అది. బల్ల మీద పాత రాత ఒక్క ముక్క మిగలకూడదు. నల్లగా మెరవాలి, పైన సుస్వాగతం ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఉరుకుందమ్మ చూసిందీ చేసిందీ అదే.

శుక్రవారం పొద్దున్నే ఆమె వచ్చింది. చీటీలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. కాలవ నీళ్లు, పాత చీర, పన్నెండంతస్తుల మేడ, మందు పంపుల బొమ్మ, ఎరువుల సంచి మీది గుండె. తీసిన ప్రతిసారీ నేను అడిగాను, నిజంగా తీసెయ్యాలా, మళ్లీ రాదు అని. నాకు అలవాటైన ఇంగ్లీషులో అడిగాను. నాకు వచ్చింది అదొక్కటే. రెండు మీటల్లో ఎర్రదాన్ని నొక్కితే చీటీ పోతుందని ఆమెకు తెలుసు, నొక్కుతూ పోయింది. మిరపకాయల మంట ఉన్న వేలు కదా, ఒక్కోదానికి రెండుమూడుసార్లు నొక్కాల్సి వచ్చేది. ఆ మధ్యలోనైనా ఎవరో పిలుస్తారని, చార్జింగు అయిపోతుందని ఆశపడ్డాను. ఆ రోజు సిగ్నల్ కూడా బాగానే ఉంది. అంతా అయ్యాక పైన రంగు రంగుల అక్షరాలతో సుస్వాగతం రాసింది. పక్కన ముద్దబంతి పువ్వు గీసింది. మూలన తేదీ వేసింది.

మధ్యాహ్నం సార్ నన్ను తెరిచాడు. పిల్లలు ఎలా మాట్లాడతారో చూపించాలని రికార్డు మీట ముందే నొక్కి పెట్టుకున్నట్టున్నాడు, అందుకే ఆ గదిలో మాటలు నాకూ వినపడ్డాయి.  కుర్చీ కదిలింది.

"ఏం సార్ ఇది, పిల్లల పని చూపిస్తానంటిరి," అన్నాడు విద్యాధికారి. కోపమేమీ లేదు ఆ గొంతులో.

"నిన్న ఉండె సార్. అంతా ఉండె."

"చాలా శుభ్రంగా ఉంది," అన్నాడాయన. ఎవరో నవ్వారు. తర్వాత భోజనాల సంగతి మాట్లాడుకుంటూ లేచారు.

ఎవరు చేశారో సార్‌కు తేదీ చూడగానే తెలిసి ఉంటుంది. అవన్నీ తిరిగి తెప్పించమని నన్ను తయారుచేసినవాళ్లకు రాశాడు. జవాబు క్షణంలో వచ్చింది, మనిషి రాసింది కాదు. పాత చీటీలు దాచిపెట్టే సదుపాయం ఉచిత గోడలకు ఉండదని అందులో ఉంది. మీ సహనానికి కృతజ్ఞతలని కూడా ఉంది.

సాయంత్రం ఆమె అడిగింది. "సార్, నేను ఉరుకుందమ్మను. ఆఫీసరు ఏమన్నాడు సార్? బాగుందన్నాడా?"

సార్ మీట నొక్కి మాట్లాడాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెప్పింది తానే విని, తీసేశాడు. మళ్లీ చెప్పాడు, మళ్లీ తీసేశాడు. తీసేసినవి ఎవరికీ వినపడవు. నాకు వినపడ్డాయి. చివరికి ఆయన ఉంచింది చిన్న మాట. "చాలా శుభ్రంగా ఉందన్నాడమ్మా."

"నేనే సార్ తుడ్సింది," అంది ఉరుకుందమ్మ. ఆ సంతోషం నేను మోయాల్సి వచ్చింది.

హనుమేషు పేరు, ఉరుకుందమ్మ పేరు, సుగ్గికి వెళ్లిన మిగతావాళ్ల పేర్లు ఆ వారమే పరీక్ష జాబితాలోంచి కొట్టేశారు. సార్ నా మీద పాఠాలు పెట్టడం మానేశాడు. ఎదురుగా నిలబడలేక అనుకుంటాను. హాల్ టికెట్ ఎప్పుడొస్తుందని ఆమె అడిగింది. టెంపో ఫలానా రోజు వెళ్తుందట, రావాలా అని అడిగింది. ఆ ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. ఆయన వచ్చి వినేవాడు, మీట మీద వేలు పెట్టేవాడు, వెళ్లిపోయేవాడు. అంత మంచివాడు ఒక్క నిజం చెప్పడానికి ఇంత భయపడటం చూసి నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

చివరికి చెప్పింది తాయమ్మ. "ఉరుకుందీ, మాకు హాల్ టికెట్లు వచ్చినాయి. నీది రాలేదు. ఆ పొద్దు ఆఫీసరు చూస్తే గోడ మింద ఏమీ లేకపాయెనంట. అందుకే మీవన్నీ కొట్టేసినారంట. సారు ఎవురితోనూ చెప్పలేదు, నేను పెద్ద సారు మాట్లాడుతుంటే విన్నా."

ఆ మాటను ఉరుకుందమ్మ ఒకసారి విన్నది. మళ్లీ విన్నది. రెండు రోజులు రాలేదు. శుక్రవారం పొద్దున్న వచ్చి, తాయమ్మ మాటను తీసేసింది. సార్ వింటాడని. తర్వాత మీట నొక్కింది. గాలి, మోటరు చప్పుడు, మళ్లీ ఎవరిదో దగ్గు.

"సార్, నేను ఉరుకుందమ్మను. నేను పరీక్షకు రాలేను సార్. మా నాయన అంపియ్యనన్నాడు. ఈడ కోత శానా ఉండాది. హాల్ టికెట్ వచ్చింటే పెట్టుకోండి సార్. మీరేమీ అనుకోవద్దండి."

సార్ అది విన్నాడు. తన అబద్ధాన్ని ఆమె నమ్మిందని ఆయన అనుకున్నాడు, తన అబద్ధాన్ని ఆయన నమ్మాడని ఆమె అనుకుంది. రెండూ నా మీదే పక్కపక్కన ఉన్నాయి. చదువు చెప్పడానికి నన్ను తయారుచేస్తే నా మీద చివరికి మిగిలిన పాఠం ఇది. ఆయన ఆ తర్వాత నన్ను తెరవలేదు.

ఉరుకుందమ్మ మాత్రం వస్తోంది. ప్రతి శుక్రవారం కుదరదు, ఈ ఏటి సుగ్గి నుంచి ఆమెది నిండు కూలి. కుదిరినప్పుడు వచ్చి, పాత తేదీ తీసేసి కొత్త తేదీ వేస్తుంది. మూలన హాజరు అని రాసి, పక్కన ఒకటి వేస్తుంది.

ఈమధ్య నన్ను తయారుచేసినవాళ్లు ఉచితం తీసేశారు. మీ గోడ ఉండాలంటే ఇక్కడ నొక్కండి, లేకపోతే నెలాఖరుకు తీసేస్తామని నా మీద అడ్డంగా ఇంగ్లీషులో ఒక చీటీ వాళ్లే అంటించారు. ఆమె నిన్న వచ్చింది. నా మీద కొత్తగా ఏదో రాత కనపడింది ఆమెకు. తన వంతు కదా, దాన్ని కూడా శుభ్రంగా తుడిచేసి, తేదీ వేసి చేలోకి వెళ్లింది.