నియమం తప్పిపోయిన అధ్యాయం

ఫిజిక్సు లెక్చరరుగారు ఆయాసపడుతూ ప్రెస్సులోకి రాగానే, అక్కడ పేజీలు కూర్చే ఆయన భార్య కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఉష్ణగతికశాస్త్రం రెండో నియమం అని పేరుంది. బొమ్మలున్నాయి, లెక్కలున్నాయి. నియమమేదండీ?"

తెరమీద నియమం ఉండాల్సిన పెట్టె ఖాళీ. తలుపులు బిగించి గోడలు కట్టడం మరిచిన ఇల్లులా ఉంది అధ్యాయం.

తప్పు ఒప్పందానిది. లెక్చరరుగారూ, సహరచయిత అయిన బావమరిదీ ఇద్దరూ ఒప్పుకున్న వాక్యమే పుస్తకంలోకెక్కాలి. వేడి గురించి రాస్తూ ఈ వాక్యం దగ్గరే వేడెక్కారు. తర్వాత చూద్దామని పక్కనపెట్టి, రాసేశామనుకుని పంపేశారు. సాయంత్రంలోగా అచ్చుకెక్కకపోతే ప్రెస్సు వేరే పని అందుకుంటుంది. లెక్చరరుగారికి ఈ ఏడే రిటైర్మెంటు. తన పుస్తకాన్ని తన క్లాసులో చెప్పే యోగం మళ్లీ రాదు.

"చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువుకి వేడి తనంతట తాను ఎన్నడూ పోదు. రాయి," అన్నారాయన, రాయంత గట్టిగా.

"దాదాపు ఎన్నడూ," అన్నాడు అప్పటికే కుర్చీలో దిగబడ్డ బావమరిది. "అణువులకి నీ నియమం ఎవరు చదివి వినిపించారు బావా? అవి పేకముక్కలు. కలుపుతూ పోతే ఎప్పుడో ఓసారి వరసలో పడొచ్చు. ఇది చట్టం కాదు, పందెం."

"ఇప్పటిదాకా ఓడని పందేన్ని చట్టమనే అంటార్రా. నీ మాట రాస్తే పిల్లలు పొయ్యి మానేసి, నీళ్లు వాటంతటవే కాగుతాయని కూర్చుంటారు."

"కూర్చోనీ. ఓపికైనా వస్తుంది."

మిషనతను తొంగిచూశాడు. "కాగితం ఎక్కించమంటారా, దించమంటారా?"

"ఏమండీ," అంది భార్య, "మా తమ్ముడితో కలిసి ఎన్నడూ పుస్తకం రాయనన్నది మీరే కదూ?"

లెక్చరరుగారు చొక్కా గుండీ సవరించుకున్నారు. "మనసులో 'దాదాపు' అనుకున్నాను."

అందరికన్నా ముందు ఆయనకే నవ్వొచ్చింది. "సరేరా, నీదే పెట్టించు."

"వద్దు బావా. నేను చెప్పే ఆ ఒక్కసారి రావాలంటే విశ్వం వయసు చాలదు. నీదే ఉంచు."

"జాలా?"

"మరి నీదేమిటో?"

ఈ మర్యాద ముదిరేలోగా ఆవిడ రెండు వాక్యాలూ పెట్టెలో పెట్టి, కింద 'ఏది సరైనదో పెద్దలింకా తేల్చలేదు' అని చేర్చి మిషనుకి పంపేసింది.

"ఇద్దరం ఒప్పుకోలేదు కదే," అన్నారు లెక్చరరుగారు.

"మీరు ఒప్పుకునేసరికి కాలేజీ మూసేస్తారు."

మిషను దడదడలాడింది. తడారని మొదటి కాగితాన్ని లెక్చరరుగారు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఒరేయ్, సోమవారం నా క్లాసుకి రా. నేనీ వాక్యం చెప్తాను, నువ్వా వాక్యం చెప్పు."

"వస్తాను. మధ్యలో నన్ను బయటికి పంపకూడదు మరి."

"అది నీ గొంతుని బట్టి ఉంటుంది."