పుర్రముడి

బారెడు పొద్దెక్కేసరికి చిన్నది ఒక గోనెసంచి ఖాళీ చేసి, రెండోదాంట్లోంచి తీసిన పెద్ద దండని సగం దాకా ఒలిచేసింది. వెనక గది నేలంతా తడి. గోడవారన బకెట్లు, బకెట్లలో తెల్ల గులాబీలు, చామంతులు. కొన్ని తలెత్తుకుని ఉన్నాయి, కొన్ని మెడలు వాల్చేశాయి. సాయంత్రం ఒక పెళ్ళి, రేపు పొద్దున్నే ఇంకోటి. ముందు గదిలోంచి బావ కేక మీద కేక వేస్తున్నాడు.

“ఏమే, ఎంతవరకు వచ్చింది? పెళ్ళికూతురి తల్లి ఏ క్షణాన దిగుతుందో ఏమో!”

“పెద్ద గుత్తి అయిపోయింది బావా. ఈ దండలో తెల్లవి బాగున్నాయని వాటితోనే కట్టేశాను. ముందు బకెట్లో పెట్టా, చూడు.”

“చూశాలే. చిన్నవి కూడా కానియ్ మరి. చేతులాడాలి, చేతులు!”

చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఆడనిది మనసొక్కటే.

ఆమెకి నలభై దగ్గర పడుతున్నాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. అయినా ఆ వీధిలో అందరికీ ఆమె చిన్నదే, ఎందుకంటే ఆ పూల దుకాణంలో పెద్దది ఇంకొకతె ఉండేది. ఆ పెద్దదాన్ని, అంటే ఆమె అక్కని, నిన్న మధ్యాహ్నమే మట్టిలో పెట్టి వచ్చారు. వచ్చాక బావ కాసేపు గడప మీద కూర్చున్నాడు. ఒకసారి ముక్కు చీదాడు. “చావొచ్చిందని పెళ్ళిళ్ళు ఆగుతాయా, మాటిచ్చాం కదా” అంటూ ఇవాళ తెల్లవారుతూనే షట్టరెత్తాడు. చిన్నది కత్తెర అందుకుంది. నిన్నటినుంచి ఆమె కంట చుక్క రాలలేదు. పలకరించడానికొచ్చిన ఆడవాళ్ళు చాటుకెళ్ళి, “రాయే తల్లీ అది. తోడబుట్టింది పోతే ఏడవనైనా ఏడవలేదు” అనుకున్నారు. ఆమె విన్నది. నిజమే కాబోలు అనుకుని బకెట్లు కడగడానికి పోయింది.

ఈ సంచుల సంగతి చెప్పాలి. ఆ దుకాణానికి పూలు రెండు దారుల్లో వస్తాయి. తోటలనుంచి వచ్చేవి ముందు తలుపున దిగుతాయి, వీధంతా చూస్తుంది. శ్మశానం కాపలావాడు తోపుడుబండి మీద తెచ్చేవి వెనక తలుపున దిగుతాయి, వాటిని ఎవరూ చూడరు. చూసినా నోరెత్తరు, ఎవరి కడుపు వాళ్ళది. సమాధి మీద పెట్టిన దండ, పెట్టినవాళ్ళు ఇల్లు చేరకముందే సంచిలో పడుతుంది. కమిలిన పై రెక్కలు నాలుగు ఒలిచేసి, పొట్టి కాడకి తీగ చుట్టి పొడుగు చేసి, పంచదార నీళ్ళలో కాసేపు నిలబెడితే, నిన్న చావింట్లో ఉన్న గులాబీ ఇవాళ పెళ్ళింటికి తయార్. తోట గులాబీ ఒకటి కొనే డబ్బుకి ఇలాంటివి పది వస్తాయి. అమ్మేది మాత్రం తోట ధరకే. ఎవరైనా అనుమానంగా “ఎక్కడివండీ?” అంటే, వెనక గదిలోంచి “తోటవేనమ్మా!” అని పలకాల్సింది చిన్నది. ఆడగొంతు పలికితే జనం నమ్ముతారని బావ నమ్మకం.

ఒలిచేదీ ఆమే. అమ్మ పోయాక పదిహేనేళ్ళప్పుడు అక్క వెంట ఈ ఇంటికొచ్చింది. అప్పటినుంచీ తిండి, గుడ్డ, బకెట్ల పక్కన ఒక మంచం. జీతం సంగతి ఒకే ఒక్కసారి అడిగింది. “ఇంటి మనిషికి జీతమేంటే, వింటే నవ్విపోతారు” అని తనే నవ్వేశాడు బావ. చల్లనీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ముల్లు దిగితే నెత్తురు కనబడ్డాకే ఆమెకి తెలుస్తుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పూలంటే పిచ్చి. బేరాల్లేని మధ్యాహ్నాల్లో అక్క చెల్లెలి కళ్ళు మూసి, ముక్కు కింద ఏదో ఒక పువ్వు పెట్టేది.

“చెప్పవే, ఏంటిది?”

“చామంతి.”

“ఏడిశావ్. ఏ రంగు చామంతో చెప్పు!”

“వాసనకి రంగేంటే, నీ మొహం!”

“ఎందుకుండదూ? పచ్చది కాస్త చేదు. తెల్లది నీలా చప్పన.”

ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. కానీ ఇంట్లో ఒక్క పువ్వు పెట్టుకోనిచ్చేవాడు కాదు బావ. “అమ్మే సరుకు మనమే వాడుకుంటూ పోతే, చివరికి పూలమ్మిన చోట కట్టెలమ్మాలి” అనేవాడు. ఒక సాయంత్రం అక్క శ్మశానం గోడ పక్కనుంచి వస్తూ చెత్తకుప్ప మీద పారేసిన గులాబీలు చూసింది. వాటిల్లో నిక్షేపంలా ఉన్నవి అయిదారు ఏరుకొచ్చి, గ్లాసులో నీళ్ళు పోసి, వంటింటి కిటికీలో పెట్టింది. “ఇవి మనవే పిచ్చీ. ఎవరికీ అమ్మక్కర్లేదు” అంది. ఆ రాత్రి ఇద్దరూ ఆ గ్లాసు ఎదురుగా కూర్చుని భోంచేశారు. అంత సంతోషంగా తిన్న భోజనం చిన్నదానికి మరొకటి గుర్తులేదు.

ఆ గ్లాసే కొంప ముంచింది. వారమైనా ఆ పూలు వాడకపోవడం బావ కళ్ళబడింది. ఇంకేముంది, కాపలావాడు, తోపుడుబండి, వెనక తలుపు. “పారేసినవి ఏరుకొచ్చాగానీ, పెట్టినవి ఎత్తుకు రమ్మన్నానా?” అని అక్క ఒకసారి ఎదురుతిరిగింది. “పోయినవాళ్ళు లేచొచ్చి అడుగుతారా ఏంటి?” అన్నాడాయన. ఆ తర్వాత అక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కిటికీలో గ్లాసూ మళ్ళీ నిండలేదు.

ముడి కూడా అప్పుడే మారింది. అక్కది పుర్రచేతి వాటం. ఆమె దండ కడితే దారం ఎడమకి తిరిగి, తన మీద తానే బిగుసుకునేది. పక్కన కూర్చుని నేర్చుకున్న చెల్లెలికీ అదే పట్టుబడింది. ఇద్దరూ దాన్ని పుర్రముడి అని మురిపెంగా పిలుచుకునేవాళ్ళు. అది కోస్తే తప్ప ఊడదు. బావకి అదే నచ్చలేదు. “చివర పట్టి లాగితే జారిపోయేట్టు కట్టండి. రేపు విప్పుకునేది మనమేగా” అన్నాడు. అప్పటినుంచి ఆ దుకాణంలో పుట్టిన ప్రతి దండా జారుముడే.

మంచం పట్టాక అక్క ఒకే ఒక్క కోరిక కోరింది. “నాకు మాత్రం పుర్రముడి వెయ్యవే. నా పూలు నా మీదే ఎండిపోనీ. నన్ను ఎవరి పెళ్ళికీ పంపకండి.”

“అలాగేలే, ఊరుకో” అంది చిన్నది. అన్నట్టే నిన్న పొద్దున తోటనుంచి వచ్చిన తెల్ల గులాబీలతో దండ కట్టింది. ముడి ముడికీ దారం పళ్ళతో పట్టి బిగించింది. కాపలావాడికి ఒక మాట చెప్పాలని మాత్రం ఆమెకి తోచలేదు. కట్టుకున్న పెళ్ళాం మీది పూలు ఎవడైనా ఎత్తించుకొస్తాడా? అదీ ఒకరు చెప్పాల్సిన మాటేనా?

కత్తెర కదిలింది. ఒక గులాబీ బకెట్లో పడింది. మళ్ళీ కత్తెర, మళ్ళీ గులాబీ. ఇంతలో చెయ్యి ఆగింది. ఈ దండ పట్టుకున్నప్పటినుంచీ కత్తెరే వాడుతున్నానే అని అప్పుడు తట్టింది. ఒక్క ముడీ లాగితే జారలేదు. వేరే దుకాణం దండేమోనని కూడా అనుకోలేదు, అసలు ఏమీ అనుకోలేదు, కోసుకుంటూ పోయింది. ఇంకా తెగని ముడినొకదాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. దారం ఎడమకి తిరిగి ఉంది. దాని మీద పంటి గాటు.

ఆమె అలాగే కూర్చుంది. ఏడుపొస్తుందేమోనని ఎదురు చూసింది, రాలేదు. ‘సగం నేనే కోసేశాను’ అనుకుంది. ఆ మాట లోపలెక్కడో పడి, కదలకుండా ఉండిపోయింది.

“మళ్ళీ ఆగావేం?” అంటూ బావ తలుపు దగ్గరికొచ్చాడు.

ఆమె దండ ఎత్తి చూపించింది. “ఇది అక్కది బావా.”

ఆయన చూశాడు. ముఖం పాలిపోయింది. “అరెరె... వాడికి చెప్పడం మర్చిపోయానే. చెప్పాలనే అనుకున్నా. నిన్న ఆ హడావిడిలో...”

అబద్ధం కాదు, నిజంగానే మర్చిపోయాడు. అబద్ధమైనా బాగుండేదేమో.

“సరే, ఇప్పుడేం చేస్తాం” అన్నాడు. “సగం కోసేశావు కూడాను. మిగతాదీ కానిచ్చెయ్. మీ అక్కకి రేపు ఇంతకంటే మంచి దండ నేనే పట్టుకెళ్తా, ఒట్టు.”

“మరి ఇందులోవి తీసి కట్టిన ఆ గుత్తి...”

“ఆ ఊసెత్తకు. అదుగో, ఆవిడొచ్చేసింది.”

పెళ్ళికూతురి తల్లి ఆయాసపడుతూ లోపలికొచ్చింది. బావ బకెట్లోంచి గుత్తి తీసి నీళ్ళు దులిపి అందించాడు. ఆవిడ దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“అబ్బ, ఎంత తాజాగా ఉన్నాయండీ! మా అమ్మాయికి తెల్ల గులాబీలంటే ప్రాణం. చిన్నప్పటినుంచీ అంతే, పువ్వు కనబడితే అక్కణ్ణుంచి కదలదు.”

“మీకోసం ఏరి ఏరి కట్టించానమ్మా” అన్నాడు బావ.

అప్పుడు చిన్నది బయటికొచ్చింది. బట్టలు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి, భుజం మీద సగం దండ. ఆవిడ చేతుల్లోంచి గుత్తిని నెమ్మదిగా తీసేసుకుంది.

“ఇది అమ్మేది కాదమ్మా.”

“అదేంటమ్మా! ముందే చెప్పి పెట్టుకున్నాం కదా?”

“దాని మాట పట్టించుకోకండి” అన్నాడు బావ కంగారుగా. “మా ఆవిడ పోయింది. దీని అక్కే. మనిషి మతిలో లేదు పాపం.” ఆమెవైపు వంగి గొంతు తగ్గించాడు. “లోపలికి పదవే. ఈ ఇల్లు తప్ప తల దాచుకునే చోటుందా నీకు?”

లేదు. ఆ సంగతి ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా లోపలికి పోలేదు. గల్లాపెట్టె పక్కన అక్క కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. పోయి దానిమీద కూర్చుంది. దండ ఒళ్ళో పెట్టుకుంది. గుత్తికి కట్టిన రిబ్బను లాగేసి, మొదటి గులాబీ తీగ విప్పి, దండ తెగిన చోట ఆనించి, దారం ఎడమకి తిప్పింది.

పెళ్ళికూతురి తల్లి చూపు ఆ దండ మీద పడింది. దాని అంచుకి మట్టి అంటుకుని ఉంది. ఆవిడ తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది, పైటకో దేనికో తుడుచుకోబోయి ఆగింది.

“ఈ పూలు ఎక్కడివి?” అంది.

“తోటవేనమ్మా, తోటవే!” బావ గొంతు సవరించుకున్నాడు. “ఏమే, మాట్లాడవేం? నువ్వే చెప్పు ఆవిడకి. తోటవి కావూ?”

చిన్నది ముడి వేసింది. పళ్ళతో పట్టి బిగించింది. వేలి చివర నెత్తురు చుక్క కనిపించింది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియలేదు.

“నేను చెప్పను బావా” అంది తలెత్తకుండా. “ఈసారి నువ్వే చెప్పు.”

పెళ్ళికూతురి తల్లి ఆయనవైపు తిరిగింది. చిన్నది రెండో గులాబీ అందుకుంది.